ఇద్దరిదీ 8.5 కిలోలే, ఒకడు స్టంటెడ్, ఒకడు మామ్. ఎట్ల?

పాకాల_టీచర్:

అందరికీ నమస్తే. మాది పాకాల పక్క పల్లె, అంగన్‌వాడీ సెంటర్. ఈ నెల బరువులూ ఎత్తులూ పోషణ్ ట్రాకర్‌లో ఎక్కించినాక మూడు కేసుల దగ్గర ఆగిపోయినా.

మొదటోడు మగబిడ్డ, సరిగ్గా 18 నెలలు. బరువు 8.5 కిలోలు, పొడవు 75 సెం.మీ. రెండోవాడూ మగబిడ్డే, వాడికీ 18 నెలలే, బరువూ 8.5 కిలోలే. కానీ పొడవు 80. కార్డులో గ్రాఫు గీస్తే ఇద్దరూ పసుపులోనే పడినారు. యాప్ మాత్రం మొదటోడు స్టంటెడ్ (వయసుకు తగ్గ ఎత్తు లేదు) అంటాంది, రెండోవాడు మామ్ (ఒక మోస్తరు పోషకాహార లోపం) అంటాంది. మ్యూయాక్ టేపు (జబ్బ చుట్టుకొలత టేపు) వేస్తే ఇద్దరూ పచ్చే: 13.1 సెం.మీ. ఒకడిది, 12.7 ఇంకొకడిది. రెండోవాడి అవ్వ సెంటర్ కాడికి వచ్చి "ఇద్దరి బరువూ ఒకటే కదమ్మా, మావాణ్ణే ఎందుకు జబ్బోడని రాసినావు" అని నిలదీస్తాంది. ఏం చెప్పేది?

మూడోది ఆడబిడ్డ, 26 నెలలు, 10.4 కిలోలు. బరువు పచ్చలోనే ఉంది. అయితే ఈ మధ్య ఆ బిడ్డ ఆడుకోదు, ఊరికే గునుస్తా ఉంటుంది, తిండి ముట్టదు. జుట్టు పలచబడి రాగిరంగుకి తిరిగింది. కాళ్లు మటుకు బొద్దుగానే ఉండాయి. పచ్చలో ఉంది కాబట్టి వచ్చే నెల చూసుకోవచ్చా?

పీహెచ్‌సీ_డాక్టరు:

టీచరమ్మా, మగబిడ్డల లెక్క రేపు చూసుకోవచ్చు. ఆ ఆడబిడ్డ ఇంటికి ఈ సాయంత్రమే పోండి. మీ ముగ్గురిలో ఎక్కువ భయపడాల్సింది పచ్చలో ఉన్న ఆ బిడ్డ గురించే.

చేయాల్సింది ఇది. బిడ్డను తల్లి ఒళ్లో కూర్చోబెట్టి, రెండు పాదాల పైభాగం మీద మీ రెండు బొటనవేళ్లు ఒకేసారి ఆనించి మెత్తగా నొక్కండి. "నూటొకటి, నూటరెండు, నూటమూడు" అని మెల్లగా అనుకోండి, అంటే మూడు సెకండ్లు. వేళ్లు తీసినాక గుంట అట్లే నిలిచిపోతే అది నీరు. రెండు పాదాల్లోనూ గుంట పడితేనే దాన్ని పోషకాహార లోపం వల్ల వచ్చిన వాపుగా తీసుకుంటాం. ఒక్క కాలికే వాపు ఉంటే దెబ్బ తగిలిందో, చీము పట్టిందో, పురుగు కుట్టిందో చూడాలి. కొవ్వు పట్టిన కాలు నొక్కితే గుంట పడినా వెంటనే మూసుకుంటుంది.

పాదాలకే ఉంటే ఒక ప్లస్. పిక్కలకు గానీ చేతులకు గానీ ఎక్కితే రెండు ప్లస్‌లు. ముఖం, కనురెప్పలతో సహా ఒళ్లంతా ఉంటే మూడు. ఎన్ని ప్లస్‌లు అన్నది ఆసుపత్రిలో పాలు లెక్క కట్టడానికి పనికొస్తుంది. మీ వరకు ఒక్క ప్లస్ ఉన్నా ఆ బిడ్డ సామ్ (తీవ్రమైన పోషకాహార లోపం) కిందే లెక్క, బరువు ఎంతైనా, టేపు రంగు ఏదైనా సరే. ఎందుకంటే మీరు తూచిన 10.4లో కొంత నీళ్ల బరువు. కండ కరిగినచోట నీరు చేరితే కాటా అంకె కదలదు, గ్రాఫు కూడా కిందికి దిగదు. జుట్టు రంగు మారడం, చిరాకు, ఆకలి చచ్చిపోవడం, బొద్దు కాళ్లు, ఈ నాలుగూ ఒకచోట కలిస్తే క్వాషియార్కర్ (ఒంటికి నీరు పట్టే తీవ్ర పోషకాహార లోపం) అనుమానించాల్సిందే.

ఉదయం లేచేసరికి కళ్లచుట్టూ ఉబ్బి, మధ్యాహ్నానికి తగ్గి, మూత్రం తక్కువ పోస్తుంటే కిడ్నీ సంగతి కూడా కావచ్చు. అది మూత్ర పరీక్షలో తేలుతుంది. ఎట్లయినా ఆసుపత్రికి పోవాల్సిన కేసే. తిరుపతి వైపు వాళ్లకు రుయా పిల్లల విభాగం, చిత్తూరు వైపు వాళ్లకు జిల్లా ఆసుపత్రి. ఎన్‌ఆర్‌సీలో (పోషకాహార పునరావాస కేంద్రంలో) చేర్చే చీటీ ఏఎన్‌ఎం దగ్గర రాయించుకుని పంపండి.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా 108కి ఫోన్ చేయండి: పాలూ నీళ్లూ తాగలేకపోవడం, తాగిందల్లా కక్కడం, ఫిట్స్, పిలిస్తే పలకని మత్తు, ఒళ్లు చల్లబడటం, ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోవడం. ఏడాది దాటిన బిడ్డకు నిమిషానికి 40 అంతకంటే ఎక్కువ ఊపిర్లు ఉంటే వేగం కిందే లెక్క. ఏడాదిలోపు, రెండు నెలలు నిండినవాళ్లకు 50. బిడ్డ నిమ్మళంగా ఉన్నప్పుడు నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి, పదిహేను సెకండ్లు చూసి నాలుగుతో గుణించొద్దు.

దారిలో: ఒంటికి గుడ్డ చుట్టి, తలకు టోపీ పెట్టి, తల్లి ఒంటికి ఆనించి పట్టుకోమనండి. తాగగలిగితే చక్కెర నీళ్లు 50 మి.లీ. కొంచెం కొంచెంగా పట్టించండి. గుండుగా నిండిన ఒక టీస్పూను చక్కెరకు మూడున్నర టేబుల్‌స్పూన్ల నీళ్లు. ఈ బిడ్డలకు రక్తంలో చక్కెర తటాలున పడిపోతుంది. ఐరన్ సిరప్ ఈ దశలో వద్దు. "ఒళ్లు నీరు పట్టింది కదా" అని నీరు దిగే మాత్రలు వేసే వాళ్లుంటారు, అవి అసలే వద్దు.

కొలతబద్ద:

డాక్టరు గారు చెప్పిన పని చేసి వచ్చినాక ఇది చదవండి టీచర్. అవ్వకు చెప్పాల్సిన సమాధానం ఇందులో ఉంది.

బిడ్డను మూడు ప్రశ్నలు అడుగుతున్నాం. వయసుకు తగ్గ బరువుందా? వయసుకు తగ్గ ఎత్తుందా? ఉన్న ఎత్తుకు తగ్గ బరువుందా? కార్డులో గ్రాఫు మొదటి ప్రశ్నకే జవాబు చెబుతుంది. పొట్టివాడైనా బరువు తక్కువే చూపిస్తుంది, పొడుగ్గా ఉండి చిక్కిపోయినవాడైనా తక్కువే చూపిస్తుంది. అందుకే మీ ఇద్దరూ పసుపులో పక్కపక్కన కూర్చున్నారు.

ఇప్పుడు అంకెలు. డబ్ల్యూహెచ్‌ఓ 2006 ప్రమాణాల్లో 18 నెలల మగబిడ్డకు నడిమి బరువు 10.9 కిలోలు. మైనస్ 2 గీత (దీని కిందికి పోతే తక్కువ) 8.8, మైనస్ 3 గీత (దీని కిందికి పోతే మరీ తక్కువ) 7.8. ఇద్దరిదీ 8.5 కాబట్టి ఇద్దరూ రెండు గీతల మధ్యన ఉన్నారు. పొడవుకు వస్తే నడిమి 82.3 సెం.మీ., మైనస్ 2 గీత 76.9, మైనస్ 3 గీత 74.2. మొదటోడు 75, కాబట్టి స్టంటెడ్. రెండోవాడు 80, బాగానే ఎదిగినాడు.

ఎత్తుకు బరువు చూస్తే కథ తిరగబడుతుంది. 75 సెం.మీ. మగబిడ్డకు మైనస్ 2 గీత 8.1 కిలోలు. మొదటోడు 8.5 ఉన్నాడు, అంటే ఉన్న ఒంటికి సరిపడా కండ ఉంది. 80 సెం.మీ.కి మైనస్ 2 గీత 8.9, మైనస్ 3 గీత 8.2. రెండోవాడు ఆ రెండింటి మధ్యన, అంటే మామ్. అవ్వతో ఇట్ల చెప్పండి: "మీవాడు పొడుగు బాగా సాగినాడు అవ్వా, ఆ పొడుగుకు తగినంత కండ పట్టలేదు. తిండి పెంచితే నెలా రెణ్ణెల్లలో పడుతుంది." జబ్బోడని అనొద్దు. ఆ మాట పడితే ఆ ఇంటివాళ్లు మళ్లీ కాటా ఎక్కించరు.

మొదటోడిది పాత కథ. తల్లి గర్భంతో ఉన్నప్పటి తిండి, పుట్టుక బరువు, మొదటి ఏడాదిలో మళ్లీ మళ్లీ వచ్చిన విరేచనాలు, ఇవన్నీ కలిసి ఎత్తులో తేలతాయి. రెండోవాడిది ఈ మధ్య కథ. రెండు మూడు నెలల్లో జ్వరమో, విరేచనాలో, తల్లి కూలికి పోవడం మొదలుపెట్టిందో, ఏదో జరిగి ఉంటుంది. అడగండి.

మన రాష్ట్రంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్లలోపు బిడ్డల్లో స్టంటింగ్ 31.2 శాతం, వేస్టింగ్ (ఎత్తుకు తగ్గ బరువు లేకపోవడం) 16.1 శాతం. అంటే మొదటోడిలాంటి వాళ్లు దాదాపు రెట్టింపు. చూడ్డానికి బక్కగా ఉండరు కాబట్టి ఎవరి కంటా పడరు.

ఇక టేపు. 11.5 కంటే తక్కువైతే సామ్, 11.5 నుంచి 12.5 లోపు మామ్, 12.5 అంతకంటే ఎక్కువైతే పచ్చ. ఇది 6 నుంచి 59 నెలల వాళ్లకు. టేపు చిన్నపిల్లల్నీ పొట్టివాళ్లనీ ఎక్కువ పట్టుకుంటుంది, పొడుగ్గా ఉండి చిక్కినవాళ్లను ఒక్కోసారి వదిలేస్తుంది. అందుకని టేపు పచ్చ చూపిస్తే ఎత్తు-బరువు లెక్క కొట్టేయకూడదు, దాన్ని చూసి దీన్నీ కొట్టేయకూడదు. ఏ ఒక్కటి తక్కువ చెప్పినా బిడ్డ జాబితాలో ఉండాల్సిందే.

అన్నట్టు రంగుల దగ్గర తికమక పడొద్దు. బరువు గ్రాఫులో పచ్చ, పసుపు, నారింజ. టేపులో పచ్చ, పసుపు, ఎరుపు. రెండు పసుపులూ ఒకే అర్థం చెప్పవు.

ఇన్ఫాంటోమీటర్:

పైన ఇచ్చిన అంకెలన్నీ సరే. ఆ 80 సెం.మీ. నిజంగా 80నేనా? నాకు ముందు ఆ అనుమానమే వస్తుంది. ఆ బిడ్డ మోకాలు కొంచెం వంగి 77.5 అని రాసి ఉంటే? 77.5కి మైనస్ 2 గీత 8.5. బిడ్డ 8.5 ఉన్నాడు కాబట్టి 'నార్మల్' అని వచ్చేది, మామ్ బిడ్డ జారిపోయేవాడు. రెండున్నర సెంటీమీటర్లు తప్పు పోవడానికి బిడ్డ ఒక్కసారి కాలు ముడుచుకుంటే చాలు.

రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టి కొలవాలి, రెండేళ్లు నిండినవాళ్లను నిలబెట్టి. రెండేళ్లలోపు బిడ్డ ఏడ్చి గొడవచేసి పడుకోకపోతే నిలబెట్టి కొలిచి 0.7 సెం.మీ. కలపండి. రెండేళ్లు దాటిన బిడ్డ నిలబడలేకపోతే పడుకోబెట్టి కొలిచి 0.7 తీసేయండి. యాప్‌లో పడుకోబెట్టినారా నిలబెట్టినారా అని అడిగిన చోట నిజం నొక్కితే యాప్ సరిచేసుకుంటుంది, మీరూ కలిపి అదీ కలిపితే రెండుసార్లు అవుతుంది.

పడుకోబెట్టి కొలవడానికి ఇద్దరు కావాలి. ఒక్కరే కొలిస్తే ఆ అంకెను నమ్మొద్దు. తల్లిని గానీ ఆయమ్మను గానీ తల దగ్గర మోకాళ్ల మీద కూర్చోబెట్టి, రెండు చేతులతో చెవుల మీదుగా తల పట్టుకుని నడినెత్తి చెక్కకు ఆనించమనండి. బిడ్డ చూపు నేరుగా పైకప్పు వైపు ఉండాలి. గడ్డం ఛాతీకి అతికినా, తల వెనక్కి వాలినా కొలత తప్పినట్టే. మీరు కాళ్ల వైపు కూర్చుని, ఎడమచేత్తో రెండు మోకాళ్లూ కలిపి కిందికి అదిమి, కుడిచేత్తో కదిలే చెక్కను అరికాళ్లకు తెచ్చి ఆనించండి. అరికాలు మొత్తం చెక్కకు తగలాలి, వేళ్లు కిందికి వంచి తన్నుతుంటే అరికాలి మీద గీరండి, పాదం నిటారవుతుంది. 0.1 సెం.మీ. వరకు చదివి, అక్కడే గట్టిగా పలికి, రాసుకున్నాకే బిడ్డను తీయండి.

నిలబెట్టి కొలిచేటప్పుడు మడమలు, పిక్కలు, పిరుదులు, భుజం ఎముకలు, తల వెనకభాగం, ఈ అయిదూ చెక్కకు తగలాలి. ఆడబిడ్డలకు పిలకలూ క్లిప్పులూ ఊడదీయాలి. తల్లులు జడ విప్పనివ్వరు, కొండకు పోయి గుండు చేయించుకొచ్చిన బిడ్డతో ఆ తగువు ఉండదు.

కాటా గట్టి, చదునైన నేల మీద ఉండాలి. చాప మీదా, మట్టి నేల మీదా పెడితే తప్పు చూపిస్తుంది. తూచే ముందు సున్నా చూడండి. అంగడిలో 2 కిలోలు, 5 కిలోల తూకపు రాళ్లు అడిగి తెచ్చి నెలకోసారి కాటా మీద పెట్టండి, 100 గ్రాములకు మించి తేడా వస్తే ఆ కాటాతో రాయొద్దు. బిడ్డ ఒంటి మీద వెండి మొలతాడు, కడియాలు, తడిసిన చెడ్డీ, అన్నీ బరువే. బిడ్డ ఒంటరిగా నిలబడకపోతే తల్లిని ఎక్కించి, తల్లీ-బిడ్డ బటన్ నొక్కి సున్నా రానిచ్చి, ఆ తర్వాతే బిడ్డను అందించాలి. సున్నా రాకముందే తొందరపడి ఇచ్చేస్తే అంకె తప్పుతుంది.

రెండుసార్లు కొలవండి. పొడవులో 0.7 సెం.మీ., బరువులో 100 గ్రాములు, జబ్బ చుట్టుకొలతలో అర సెం.మీ. మించి తేడా ఉంటే మూడోసారి.

టేపు ఎడమచేతికే. ముందు మోచేయి మడిచి, భుజం ఎముక కొసకూ మోచేతి కొసకూ మధ్య సగం దగ్గర పెన్నుతో చుక్క పెట్టి, ఆ తర్వాత చెయ్యి కిందికి వేలాడదీసి కొలవాలి. చెయ్యి మడిచే ఉంచి కొలిస్తే కండ ఉబ్బి ఎక్కువ వస్తుంది. చర్మం ముడతపడేంత బిగించొద్దు, వేలు దూరేంత వదలొద్దు.

వయసు సంగతి చెప్పకపోతే ఇదంతా వృథా. "రెండేళ్లు ఉంటాయి" అంటే రాయొద్దు, తల్లీబిడ్డల కార్డులో పుట్టిన తేదీ చూడండి. నిండిన నెలలే లెక్క: 18 నెలల 25 రోజులుంటే అది 18, 19 కాదు.

రిజిస్టర్ చూస్తే కొలతలు నిజమైనవో కాదో తెలుస్తుంది. పేజీ అంతా .0, .5 అంకెలే ఉంటే కళ్లతో అంచనా వేసినట్టు. ఒకే బిడ్డ పోయిన నెల కంటే ఈ నెల పొట్టి అయితే రెండింట్లో ఒకటి తప్పు. బిడ్డలు కుంచించుకుపోరు కదా.

రేణిగుంట_అన్న:

ఇదంతా సరే గానీ, మా వైపు తల్లులే పొట్టి. 18 నెలలకు 75 ఉంటే ఏమయింది, వంశంలోనే ఉంది. అమెరికా బిడ్డల కొలతలు తెచ్చి మన బిడ్డల మీద పెడితే అందరూ పొట్టిగానే కనపడతారు.

కొలతబద్ద:

అన్నా, ఆ ప్రమాణాలు ఒక్క అమెరికావి కావు. బ్రెజిల్, ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా, ఈ ఆరు దేశాల బిడ్డల్ని కొలిచి చేసినవి. మనదేశం నుంచి దక్షిణ ఢిల్లీ బిడ్డలున్నారు. తల్లిపాలు తాగి, పొగ తాగని తల్లుల దగ్గర, తిండికీ వైద్యానికీ కొదవ లేకుండా పెరిగినవాళ్లనే తీసుకున్నారు. అట్ల పెరిగితే అయిదేళ్లలోపు ఏ దేశం బిడ్డయినా దాదాపు ఒకేరకంగా పొడుగవుతాడని తేలింది. వంశం ప్రభావం ఉంటుంది, లేదనను. కానీ తల్లి పొట్టిగా ఉండటానికి ఆమె చిన్నప్పటి తిండీ ఒక కారణమే అయ్యుండొచ్చు. ఒక్క బిడ్డను చూసి 'వంశం' అంటే అనొచ్చు, సెంటర్లో మూడోవంతు బిడ్డలు గీత కింద ఉంటే అది వంశం కాదు.

పాకాల_టీచర్:

డాక్టరు సార్, రెండు పాదాల్లోనూ గుంట పడింది. ఏఎన్‌ఎం అక్కతో చీటీ రాయించి, పొద్దున్నే తల్లితో పంపించినాం, చేర్చుకున్నారు. మగబిడ్డలిద్దర్నీ ఆయమ్మతో కలిసి మళ్లీ కొలిచినా. మొదటోడు 75.3, రెండోవాడు 79.8. బరువు ఇద్దరిదీ మారలేదు. అంటే యాప్ చెప్పింది సరే.

ఇప్పుడు తిండి ఏం చెప్పాలి? రెండోవాడికి రాగిజావ రోజూ రెండు గ్లాసులు తాగిస్తాండారంట. వాళ్ల నాయన డబ్బా పౌడర్ కొంటానంటున్నాడు.

సంగటి_ఊరిబిండి:

ఆ రెండు గ్లాసుల జావే వాడి కడుపు నింపేసి ఆకలి చంపుతా ఉంది అక్కా. లెక్క చూడండి. చిన్నబిడ్డ కడుపు ఒక పూటకు కిలో బరువుకు 30 మి.లీ. పడుతుంది. 8.5 కిలోలకు సుమారు 255 మి.లీ., అంటే ఒక గ్లాసు. పల్చటి జావ గ్లాసులో రాగిపిండి ఎంతుంటుంది, రెండు చెంచాలు, 20 గ్రాములనుకోండి. దాంట్లో వచ్చేది 65 కిలోకేలరీలు. మిగతాదంతా నీళ్లు. తల్లిపాలు తాగుతున్న 12-23 నెలల బిడ్డకే బయటి తిండి నుంచి రోజుకు సుమారు 550 కిలోకేలరీలు రావాలి. పాలు మానేసిన బిడ్డకు దాదాపు 900. గ్లాసుల్లో ఎప్పటికి తెమలాలి?

అదే కడుపు ఖాళీలోకి 40 గ్రాముల పిండితో మెత్తటి సంగటి (130), ఒక ఉడికించిన గుడ్డు (70), ఒక టీస్పూను నెయ్యి గానీ చెనిక్కాయ నూనె గానీ (45) పోతే 245 అవుతుంది. ఇంకో పూట పప్పన్నంలో ఒక టేబుల్‌స్పూను వేయించిన చెనిక్కాయల పొడి కలిపితే 55 దాకా అదనం. రోజుకు మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు అరటిపండో, వేరుశనగ ఉండ పొడిచేసో. ముద్ద చెంచా వంచితే జారిపోకూడదు, అంత చిక్కగా ఉండాలి.

చిక్కగా చేస్తే మింగలేడంటారు. దానికి మొలకల పిండి ఉపాయం: రాగులు ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, మొలకొచ్చినాక ఎండబెట్టి, దోరగా వేయించి విసరండి. మొలకల్లో ఉండే ఎంజైమ్ పిండిపదార్థాన్ని విరగ్గొడుతుంది, అందుకే పిండి ఎక్కువ పోసినా గట్టిపడదు. ఒక చిట్కా ఉంది. వేయించితే ఆ ఎంజైమ్ చాలావరకు పోతుంది కాబట్టి వేయించని మొలకపిండి ఒక చెంచా విడిగా ఉంచుకుని, మామూలు సంగటి ఉడికి గోరువెచ్చగా అయినాక దాంట్లో కలిపి, నిమిషం ఆగి, మళ్లీ ఒక్క పొంగు రానివ్వండి. గట్టి ముద్ద కళ్లముందే పలచబడుతుంది. ఆఖరి పొంగు తప్పనిసరి, పచ్చి మొలకపిండిలో క్రిములుంటాయి.

చెనిక్కాయలు మన జిల్లాలో ఇంటింటా ఉంటాయి గానీ రెండు జాగ్రత్తలు. ఈ వయసు బిడ్డకు గింజలుగా ఇవ్వొద్దు, ఊపిరిగొట్టంలోకి పోతాయి. పొడే. బూజు పట్టినవీ, ముడుచుకుని నల్లబడినవీ, చేదుగా ఉన్నవీ ఏరి పారేయండి. వాటిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉంటుంది, వేయించినా పూర్తిగా పోదు.

డబ్బా పౌడర్ సంగతి: డబ్బా వెనక రాసింది వాళ్ల నాయన్నే చదవమనండి. పంచదార ఎన్నో వరుసలో ఉందో చూస్తే ఆయనకే తెలుస్తుంది. ఆ డబ్బు గుడ్లకు పెడితే మేలు. టీలో ముంచిన బిస్కెట్లు ఆపించండి, టీ తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. సెంటర్లో ఇచ్చే బాలామృతం పిండి 2.5 కిలోల ప్యాకెట్ 25 రోజులకు రోజుకు 100 గ్రాముల లెక్క. ఇంట్లో నలుగురూ తింటే వారంలో అయిపోతుంది, అది ఎవరి నోట్లోకి పోతుందో అడగండి.

మొదటోడికి ఇంత నూనె అక్కర్లేదు. వాడికి కండ తక్కువ కాలేదు, అదనంగా కొవ్వు పోస్తే పొట్టిగా ఉండి లావవుతాడు. వాడికి కావాల్సింది రకం: రోజూ గుడ్డు, పాలో పెరుగో, అలసందలు, పితికిన అనపగింజలు, ఆకుకూర. తల్లిపాలతో కలిపి ఎనిమిది రకాల తిండ్లలో రోజుకు అయిదు పడాలి. విరేచనాలు పదే పదే వస్తుంటే ముందు తాగే నీళ్లూ చేతులూ చూడండి.

ఇన్ఫాంటోమీటర్:

ఫాలోఅప్ ఒక మాట. మొదటోడి పొడవు నెల నెలా పట్టి చూసి దిగులుపడొద్దు. ఈ వయసులో నెలకు పెరిగేది 0.9 సెం.మీ., కొలతలో ఒప్పుకునే తేడానే 0.7. ఒక నెల అంకెలో ఎదుగుదల ఎంతో, కొలిచే చేతి తప్పు ఎంతో విడదీయలేం. మూడు నెలలకు ఒకసారి పోల్చండి, రెండున్నర సెంటీమీటర్లకు పైన పెరగాలి.

రెండోవాణ్ణి వారానికోసారి తూచండి, అదే కాటా, అదే పూట. 80 సెం.మీ. దగ్గర గీత దాటాలంటే 8.9, అంటే ఇంకా 400 గ్రాములు. అయితే ఈలోగా వాడు పొడుగూ పెరుగుతాడు కాబట్టి గీత కూడా జరుగుతుంది, ప్రతిసారీ కొత్త పొడవుతో చూడాలి. మామూలు బిడ్డకే ఈ వయసులో నెలకు 200 గ్రాములు పెరగాలి, వీడు అంతకంటే వేగంగా పెరిగితేనే అందుకుంటాడు. రెండు వారాలు బరువు కదలకపోతే, తగ్గితే, టేపు 11.5 కిందికి వస్తే, కాళ్లకు నీరు కనిపిస్తే ఆసుపత్రికి పంపాలి.

పీహెచ్‌సీ_డాక్టరు:

ఆడబిడ్డ గురించి ముందే చెప్పి పెడతా, ఎందుకంటే చాలామంది తల్లులు ఇక్కడే బిడ్డను తీసుకుని ఇంటికొచ్చేస్తారు. మొదటి రోజుల్లో ఎఫ్-75 అనే పాలు కొంచెం కొంచెంగా రెండు గంటలకోసారి పోస్తారు. 100 మి.లీ.కి 75 కిలోకేలరీలే, ప్రొటీన్ ఒక గ్రాము కూడా ఉండదు. "అన్నం పెట్టకుండా పాలతో మాడుస్తున్నారు" అంటారు. ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా బలమైన తిండి పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి గుండె ఆగే ప్రమాదం ఉంది. అందుకే మెల్లగా. ఆకలి తిరిగొచ్చి వాపు దిగుతున్నాక అంతకంటే బలమైన ఎఫ్-100 పాలకు మారుస్తారు.

ఇంకో సంగతి, వాపు దిగేకొద్దీ బరువు తగ్గుతుంది. తల్లి కాటా చూసి "వచ్చినప్పటికంటే చిక్కిపోయింది" అని ఏడుస్తుంది. అది నీళ్లు పోవడం, మంచిదే. మీరు ఫోన్ చేసి ఈ మాట ముందే చెప్పండి. నీరు దిగినాక పెరుగుదల లెక్క మొదలవుతుంది. అప్పుడు రోజుకు కిలోకు 10 గ్రాములకు పైన పెరిగితే బాగున్నట్టు, 5 కంటే తక్కువైతే తిండి లోపలికి పోవట్లేదో, లోపల టీబీ లాంటి ఇన్‌ఫెక్షన్ ఏదైనా ఉందో వెతుకుతారు.

బిడ్డ తిరిగొచ్చినాక మీ రిజిస్టర్‌లో 10.4 పక్కన 'రెండు పాదాలకు వాపు' అని రాసి, గ్రాఫు ఆ చుక్క నుంచి కలపొద్దు. వాపు పూర్తిగా పోయినరోజు ఆసుపత్రిలో తూచిన బరువు డిశ్చార్జి కాగితంలో ఉంటుంది. అక్కణ్ణుంచి కొత్త గీత మొదలుపెట్టండి.